పొదుగువాపు: మందుకు లొంగని బ్యాక్టీరియాతో పాడికి ముప్పు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ శివారులోని ఉర్లా ఉక్కు కర్మాగారాలకు పేరొందిన పారిశ్రామికవాడ. ఇలాంటి నగర శివార్లలో పాలకు గిరాకీ ఎక్కువ. రాష్ట్ర మైదాన ప్రాంతపు దేశవాళీ జాతి కోసలి ఆవు ఇచ్చే పాలు తక్కువ కావడంతో, పాల అమ్మకమే ఆధారమైనవారు సంకరజాతి ఆవుల వైపు మొగ్గుతారు. దిగుబడి పెరిగేకొద్దీ పొదుగువాపు ముప్పూ పెరుగుతుంది. ఆ వ్యాధికి వాడే యాంటీబయాటిక్ మందులు క్రమంగా శక్తి కోల్పోవడం ఇప్పుడు ఆందోళన కలిగిస్తోంది.

స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఈ.కోలై వంటి బ్యాక్టీరియా చనురంధ్రం గుండా పొదుగులోకి చేరడం వల్ల ఈ వ్యాధి వస్తుంది. పొదుగు వాచి, పాలు గడ్డలుగా వస్తే రైతు వెంటనే గుర్తిస్తాడు. వ్యాధి లోలోపలే ఉన్న దశలో దిగుబడి తగ్గడం తప్ప పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

పశువు మందుకు అలవాటు పడిందని చాలామంది భావిస్తారు. నిజానికి మారేది పశువు కాదు, బ్యాక్టీరియా. కోట్లాది బ్యాక్టీరియాలో ఏ కొన్నింటికో మందును తట్టుకునే జన్యువు ఉంటుంది. మందు మిగతావాటిని చంపగా, అవి మాత్రం మిగిలి వృద్ధి చెందుతాయి. కొన్ని స్టాఫిలోకాకస్ రకాలు పెన్సిలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారు చేసుకుంటాయి. ఇలాంటి జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేరగలవు.

మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌లో కొత్త రకం నిరోధక జన్యువును ఆవు పాల నమూనాల్లో గుర్తించినట్లు 2011లో బ్రిటన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అదే జన్యువు మనుషుల నుంచి సేకరించిన నమూనాల్లోనూ కనిపించింది. మనుషుల చికిత్సలో చివరి అస్త్రంగా భావించే కొలిస్టిన్‌ను ఆహారోత్పత్తి పశువుల్లో వాడరాదని భారత ప్రభుత్వం 2019లోనే నిషేధించింది.

పశువైద్యంలో నేటికీ విరివిగా వాడే టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ పరిశోధన విభాగంలో బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నారు. అలాంటి మందులు చేజారితే కొత్తవి రావడం తేలిక కాదు.

అందుకే వ్యాధిని ఊహించి మందు వేయడం మానాలి. చికిత్సకు ముందే పాల నమూనాను ప్రయోగశాలకు పంపితే, వ్యాధికారకం ఏదో, అది ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. పశువైద్యుడు సూచించిన మోతాదు, కాలవ్యవధి పాటించాలి. మందు ప్రభావం తీరే గడువు వరకు ఆ పాలను అమ్మరాదు. పాలను కాచినా మందు అవశేషాలు పూర్తిగా పోవు.

నివారణకు ఖర్చు తక్కువ. పాలు పితికే ముందు పొదుగును కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. పితికాక చన్నులను క్రిమినాశక ద్రావణంలో ముంచాలి. వ్యాధి సోకిన ఆవు పాలను చివరగా పితకాలి. పితికిన తరువాత కొంతసేపు చనురంధ్రం తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో ఆవు నేలపై పడుకోకుండా మేత వేస్తే చాలు, బ్యాక్టీరియా ప్రవేశించే అవకాశం తగ్గుతుంది.