నర్సు యుద్యోగమును విడుచు పద్ధతి



ఉద్యోగమున ప్రవేశించునపుడు మన బాలికలు చూపు శ్రద్ధలో సగమైనను దానిని విడుచునపుడు చూపుట లేదు. నర్సు పనిలో నున్నవారి విషయమున నిది మఱింత నిజము. మైపాడు, అల్లూరు, కోట, వాకాడు మొదలగు తీరప్రాంతములనుండి యువతులు ఈ విద్య నభ్యసించి, నెల్లూరిలోను చెన్నపట్టణములోను వైద్యశాలలలో చేరుచున్నారు. పెండ్లి యనియో, పురుడనియో, విదేశమనియో కొంతకాలమునకు పని మానుకొనువారును గలరు. మానుట దోషము కాదు. మానిన తీరే పిమ్మట బాధించును.

మా వీథిలోని యొక బాలిక పైయధికారిణితో మాటపట్టింపు వచ్చి, మఱునాటినుండి పనికి పోవుటయే మానెను. మూడేండ్ల సేవకు అనుభవపత్రము చేతికి రాలేదు. ఆ యాసుపత్రివారి కాఠిన్యమును నేను మెచ్చను. కాని ఆమె వ్రాతమూలకముగ నొక్క మాటయైన తెలుపకపోవుటచే ఆమె పక్షమున వాదించుటకు ఆధారమే లేకపోయెను. వేఱొకచోట క్రొత్తదానివలె తక్కువ జీతమునకు కుదురవలసివచ్చెను.

మన నెల్లూరి తిక్కనసోమయాజి తెనిగించిన విరాటపర్వమును చదివినవారికి సైరంధ్రి వృత్తాంతము తెలియును. సుధేష్ణ కొలువున చేరునపుడే ద్రౌపది తాను చేయని పను లేవో చెప్పుకొనెను. కీచకవధానంతరము వెళ్లిపొమ్మని రాణి చెప్పినపుడు, కోపముతో లేచిపోక, పదుమూడు దినముల గడువు కోరెను. అజ్ఞాతవాసము ముగియుటకు ఆ దినము లామెకు కావలసియుండెను. కొలువు చేయు స్త్రీకి చేరునపుడు నియమమును, విడుచునపుడు గడువును రెండు రక్షలని నాకు తోచును.

కావున మొదట నియామకపత్రమును తీసి చదువవలయును. నెలయో మూడు నెలలో ముందుగ తెలుపవలెననియు, లేనిచో ఆ కాలపు జీతము చెల్లింపవలెననియు అందుండును. పిమ్మట ఉత్తరము. అది యీరీతిగ నున్న చాలును:

“అయ్యా, నేను మీ వైద్యశాలయందు ఫలానా తేదీనుండి స్టాఫ్ నర్సుగ పనిచేయుచున్నాను. కుటుంబకారణములచే నా పదవికి రాజీనామా ఇచ్చుచున్నాను. నియామకపత్రము ననుసరించి ఒక నెల గడువుతో, ఫలానా తేదీ పగటి డ్యూటీ పిమ్మట నన్ను విడుదల చేయ గోరుచున్నాను. నా వశమునందున్న తాళపుచెవులను, రిజిస్టర్లను ఒప్పగింతును. విడుదల యుత్తరువును, అనుభవపత్రమును దయచేయ ప్రార్థన.”

ఇందు నిష్ఠురములకు చోటు లేదు. ఫిర్యాదు లున్నచో వేఱొక కాగితమున వ్రాయవచ్చును. ముందుగ నర్సింగు సూపరింటెండెంటుగారికి నోటితో చెప్పి, పిదప ఉత్తరమిచ్చి, రెండవ ప్రతిపై అందినట్లు సంతకమును తేదీని వేయించుకొనవలెను. ఆ ప్రతియే మీకు సాక్షి.

ప్రభుత్వోద్యోగినుల సంగతి వేఱు. వారి రాజీనామా సాధారణముగ అంగీకరింపబడినప్పుడే పూర్తియగునని సుప్రీంకోర్టు 1968లో చెప్పినది. రాజీనామా యిచ్చినచో పింఛనుకు లెక్కవచ్చు పూర్వసేవ సామాన్యముగ పోవును. ఇరువదేండ్లు నిండినవారు రాజీనామా మాట తలపెట్టక స్వచ్ఛందవిరమణ కోరుట మేలు. అంతటి సేవను ఒక్క కాగితపు మాటతో పోగొట్టుకొనుట యెంత యన్యాయము!

పురుటికై పని మానుకొనువారికి మఱియొక మాట. పదిమందియైన పనిచేయు వైద్యశాలలలో, ప్రసవమునకు ముందు పండ్రెండు మాసములలో ఎనుబది దినములు పనిచేసినవారికి, మొదటి యిద్దరు బిడ్డల విషయమున 26 వారముల వేతనసహిత సెలవును 2017లో చట్టము కలిగించెను. అత్తవారింట పెద్దలు “మానివేయుమమ్మా” యని ప్రేమతోనే యందురు. ఈ సంగతి వారికిని తెలుపవలయును. స్థిరోద్యోగములో ఐదేండ్లు నిండిన గ్రాట్యుటీ లభించును, ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున. ఐదేండ్లకు కొలదికాలమే తక్కువయైనచో ఆగుట బుద్ధిమంతుల పని. ప్రావిడెంటు ఫండును తీసి వాడుకొనక క్రొత్తచోటికి మార్పించుకొనుడు.

బాండు వ్రాసియిచ్చితిమని కొందఱు భయపడుదురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అందు వ్రాసిన మొత్తము గరిష్ఠపరిమితి మాత్రమే. న్యాయస్థానము ఉచితమైన పరిహారమునే యిప్పించును. అట్లని బాండు వట్టి కాగితమును కాదు. చదివి సంతకము చేయవలెను. మూలపత్రములను మాత్రము ఎవరివద్దను తాకట్టువలె నుంచరాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ఒప్పగింత. చరకుడు వైద్యమునకు నాలుగు పాదములు చెప్పి, పరిచారకుని అందొక పాదముగ నెంచెను. ఉపచారజ్ఞానము, నేర్పు, అనురాగము, శుచిత్వము అతని గుణములు. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో వెలువరించిన గ్రంథమున, తానున్నపుడు జరుగునది తాను లేనపుడును జరుగునట్లు ఏర్పాటు చేయుటయే పరిచారిక నేర్పని వివరించినది. వెళ్లిపోవువారికి ఇంతకంటె తగిన మాట గలదా? మత్తుమందుల బీరువా తాళపుచెవి నిచ్చునపుడు మందులను ఇరువురును లెక్కించి రిజిస్టరులో సంతకములు చేయవలెను. అత్యవసరపు ట్రాలీని తెఱచి చూపవలెను. రోగులను మంచము మంచము కడకు పోయి అప్పగింపవలెను. ఎవరికి ఏ మందు పడదో, ఏ వృద్ధుడు రాత్రి లేచి పడునో, ఏ తల్లికి పాలు రాక దుఃఖపడుచున్నదో కాగితమున నుండదు.

తేదీ నెన్నుకొనుటలోను మన తీరమునకు తగిన వివేకము కావలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తుపానుల కాలము. 2021 నవంబరులో పెన్న పొంగి రహదారియు రైలుమార్గమును దెబ్బతిన్నప్పుడు, డ్యూటీకి రావలసినవారు ఎట్లు రాగలరు? సాధ్యమైనచో సంక్రాంతి పిదప విడుచుట తోడివారికి మేలు.

విదేశమునకు పోవువారు వీసా చేతికి రాకముందు రాజీనామా ఇయ్యరాదు. తుదిదినమున గుర్తింపుకార్డు నప్పగించి, విడుదల యుత్తరువు, అనుభవపత్రము, బాకీవేతనపు లెక్క తీసికొనుడు. అనుభవపత్రములో మీ పేరు రిజిస్ట్రేషనులో నున్నట్లే యున్నదా, తేదీలు సరిగ నున్నవా యని గుమాస్తా యెదుటనే చూచుకొనుడు. తప్పున్న అప్పుడే దిద్దించుకొనుట సుకరము. ఊరు దాటిన పిదప దానికై యెన్ని మారులు తిరుగవలసివచ్చునో చెప్పజాలము.