కదలిన కడలి తీరము

యంత్రశాలలతో నిండిన పటాన్‌చెరునకు పడమట, సంగారెడ్డి చేరువను కొండాపూరు అను గ్రామము కలదు. అచ్చటి పాటిదిబ్బను 1940 మొదలు 1942 వరకు హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖవారు త్రవ్వించిరి. శాతవాహనుల నాటి కట్టడములు, పూసలు, మట్టిబొమ్మలు, నాణెములు బయల్పడెను. రోమక చక్రవర్తి అగస్టసు బంగారు నాణెము కూడ ఇచ్చట లభించినది. సముద్రమునకు ఎంతో దూరమందున్న ఈ మెట్టసీమకు రోము నాణెము ఎట్లు వచ్చెను?

ఆ కాలమున విదేశపు నావలు మన దేశపు రేవులకు వచ్చుచుండెను. రేవుల నుండి బండిబాటలు దక్కను లోపలికి సాగెను. తూర్పు తీరపు రేవులలో కృష్ణా మండలమందలి ఘంటసాల యొకటి. క్రీ.శ. 2వ శతాబ్దమున టాలమీ పేర్కొనిన కంటకోసిల ఇదియేయని పండితుల మతము. ఇచ్చటి ప్రాకృత శాసనమొకటి శివకుడను మహానావికుని పేరు చెప్పుచున్నది. కాని నేడు కడలి ఆ యూరికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. మరి సముద్రము వెనుకకు పోయెనా?

లేదు, నేలయే ముందుకు సాగెను. నదులు వరదలతో ఒండ్రును తెచ్చి సముద్రమున పోయును. కెరటములు ఇసుకను తీరము వెంబడి గట్టులుగా పేర్చును. తీరము ముందుకు జరిగినకొలది పాత గట్టు లోపల మిగిలిపోవును. దాని ముందు క్రొత్త గట్టు పుట్టును. కృష్ణా గోదావరుల డెల్టాలలో ఇట్టి గట్టులు వరుసలు తీరియున్నవి. ఆకాశము నుండి తీసిన చిత్రములలో అవి వంపు తిరిగిన చారలవలె కనబడును.

గట్టులలోని గుల్లలు వాని వయస్సును తెలుపును. ప్రాణి జీవించియున్నంత కాలము రేడియోధార్మిక కర్బనమును గ్రహించును. మరణించిన పిదప అది సుమారు 5,730 ఏండ్లకు సగమగును. మిగిలినదానిని కొలిచి శాస్త్రజ్ఞులు కాలమును లెక్కింతురు.

సుమారు 20,000 ఏండ్ల క్రిందట, హిమయుగమున, సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువనుండెను. మంచు కరగిన కొలది నీరు పైకి వచ్చెను. సుమారు 6,000 ఏండ్ల క్రిందట కెరటములు నేటి కొల్లేటి చేరువకు వచ్చుచుండెను. పిదప రెండు డెల్టాలు పెరుగగా, వాని నడుమ చిక్కిన కొల్లేరు లోతట్టు సరస్సుగా మిగిలెను.

ఘంటసాల నాడు తీరముననే యుండెనా, లేక నదీపాయ మీదుగా నావలు అచ్చటికి చేరెనా? శాసనమొక్కటియే ఈ ప్రశ్నకు బదులు చెప్పజాలదు. గట్టులను, ఒండ్రు పొరలను కూడ చదువవలెను. ఇసుక కొరకు గట్టును త్రవ్వి చదును చేసినచో, ఆ పుట మరల దొరకదు. కొండాపూరు దిబ్బవలెనే సాగరతీరపు ఇసుకగట్టు సైతము మన పూర్వుల చరిత్రయే.