కంప్యూటరు తెర ఎవరి సొత్తు?

వార్తాపత్రికలో ప్రకటనలు ఉండడం పాఠకునికి కొత్త కాదు. వాటి ఆదాయం వల్లనే పత్రిక చౌకగా చేతికందుతున్నదని అతనికి తెలుసు. కాని సొంత డబ్బుతో కొనుక్కున్న బీరువా తలుపు తీసినప్పుడల్లా ఏదో ఒక సరుకు పేరు కనిపిస్తే ఏ గృహస్థు సహిస్తాడు? కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థలోనే, అంటే ఆపరేటింగ్ సిస్టంలోనే, వ్యాపార ప్రకటనలు చోటు చేసుకోవడంతో ఈ ప్రశ్న కోట్లాది వినియోగదారులకు ఎదురైంది.

విచిత్రమేమంటే, ఈ విషయంలో పెద్ద దుమారం రేగింది ఉచితంగా లభించే ఉబుంటు మీద. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ సంస్థ 2004లో దీనిని తొలిసారి విడుదల చేసింది. 2012 అక్టోబరులో వెలువడిన 12.10 కూర్పులో ఒక కొత్త ఏర్పాటు చేరింది. వినియోగదారుడు తన ఫైలు కోసం వెతుకుతూ ఒక మాట టైపు చేస్తే, ఆ మాట కెనానికల్ సర్వర్లకు చేరేది. ఫైళ్లతో పాటు అమెజాన్‌లో అమ్మే సరుకులూ తెరపై ప్రత్యక్షమయ్యేవి. ఎవరైనా వాటిని కొంటే సంస్థకు కమిషన్ ముట్టేది.

ఇక్కడ చిక్కు కేవలం చికాకు కాదు. తన వైద్య నివేదికనో, కోర్టు కాగితాన్నో సొంత కంప్యూటరులో వెతుక్కునే మనిషి, ఆ మాట ఇల్లు దాటిపోతుందని ఊహించడు. సరుకుల బొమ్మలు రహస్య సంకేత రక్షణ లేకుండా వస్తున్నందున, అదే నెట్‌వర్కుపై కాపు వేసినవారు అతడు దేనికోసం వెతుకుతున్నాడో పసిగట్టవచ్చునని అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ హెచ్చరించింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ నాయకుడు రిచర్డ్ స్టాల్‌మన్ అదే ఏడాది డిసెంబరులో దీనిని గూఢచారి సాఫ్ట్‌వేర్ అని నిందించాడు. ఇవి ప్రకటనలు కావనీ, వెతికినవారెవరో అమెజాన్‌కు తెలియనీయడం లేదనీ షటిల్‌వర్త్ సమాధానం చెప్పాడు.

విమర్శలు వృథా పోలేదు. ఈ ఏర్పాటును ఆపుకునే మీటను విడుదలకు ముందే చేర్చారు. 2016 ఏప్రిల్‌లో వచ్చిన 16.04 కూర్పు నుండి, వినియోగదారుడు స్వయంగా కోరితే తప్ప ఆన్‌లైన్ వెతుకులాట జరగకుండా చేశారు. మిగిలిన అమెజాన్ గుర్తు కూడా 2020 నాటి కూర్పులో మాయమైంది.

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ కథ వేరు. దాని ఖరీదు సాధారణంగా కంప్యూటరు ధరలోనే కలిసి ఉంటుంది. అయినప్పటికీ 2016లో విండోస్ 10 తాళం తెరపై ఒక వీడియో ఆట ప్రచారం కనిపించింది. మరుసటి ఏడాది ఫైళ్లు చూసుకునే కిటికీలో వన్‌డ్రైవ్ చందా ప్రకటన వెలసింది. 2024 ఏప్రిల్‌లో విండోస్ 11 స్టార్ట్ మెనూలోకి యాప్‌ల ప్రచారం ప్రవేశించింది. సంస్థ వీటిని సిఫారసులు అంటుంది. విండోస్ 10ను 2015లో పాత కూర్పులవారికి ఉచితంగా ఇచ్చిన నాటి నుండి, ఒకసారి అమ్మి ఊరుకోవడం కంటే చందాల ద్వారా నిత్యం రాబడి పొందడం లాభసాటి అన్న ధోరణి స్పష్టమైంది.

వీటిని ఆపుకోవడం సాధ్యమే. అయితే మీటలు తలా ఒక చోట ఉన్నాయి. స్టార్ట్ మెనూ సిఫారసులకు సెట్టింగ్స్‌లోని పర్సనలైజేషన్ విభాగంలో స్టార్ట్ పుట తెరవాలి. తాళం తెరకు అదే విభాగంలో మరో పుట. ఫైళ్ల కిటికీకి దాని సొంత ఆప్షన్స్ పెట్టె. ఓపిక గలవారు ఇవన్నీ వెతికి ఆపుకుంటారు. కొందరు విసిగి లినక్స్ వైపు మళ్లుతారు. తక్కినవారు చూసీ చూడనట్లు సరిపెట్టుకుంటారు.

చట్టం కలుగజేసుకుంటే ఫలితం ఉంటుందనడానికి ఐరోపా సాక్ష్యం. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం కారణంగా 2024 మార్చి నాటికి ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని విండోస్ వినియోగదారులకు ఎడ్జ్ బ్రౌజరును, బింగ్ వెతుకులాటను తొలగించుకునే వీలు దక్కింది.

ప్రకటన వల్ల వచ్చే ఆదాయం పాపం కాదు. అనుమతి అడిగి చూపడానికీ, చూపిన తరువాత కావాలంటే ఆపుకోమనడానికీ మధ్య ఉన్న తేడాయే అసలు విషయం. అడగవలసిన బాధ్యత అమ్మేవానిదే తప్ప, తప్పించుకునే శ్రమ కొన్నవానిది కారాదు.