బండి ఆగినచో: బుల్లెట్టు మోటారు సైకిలు సామాన్య లోపములు, మరమ్మతులు

మోటారు సైకిలు నడుపగలవారు మన కళాశాలలో అనేకులు కలరు. నడుచుచున్న బండి ఏల ఆగినదో చెప్పగలవారు మాత్రము బహు కొద్దిమంది. మేమును చాల కాలము మొదటి కోవలోనే ఉంటిమి. ఎం.ఏ. పట్టము చేతికి వచ్చినను, చేతిలోని స్పానరును ఎటు త్రిప్పవలెనో తెలియని స్థితి మాది. ఒక పరీక్ష ఉదయమున మాకు కలిగిన అనుభవమే ఈ వ్యాసమునకు కారణము.

ఆనాడు పది గంటలకు పరీక్ష. బస్సు తప్పిపోయిన ఒక విద్యార్థిని మా పాత బుల్లెట్టుపై వెనుక కూర్చుండబెట్టుకొని బయలుదేరినాము. సగము దారిలో బండి రెండు మూడు మారులు దగ్గి ఆగిపోయినది. చొక్కా తడిసిపోవునంతగా కిక్కు కొట్టితిమి. ఫలితము శూన్యము. అంతట ఆ విద్యార్థి మెల్లగా, "ఒక్క నిమిషం ఆగండి సార్" అని పెట్రోలు ట్యాంకు మూత త్రిప్పినాడు. బుస్సుమని గాలి లోనికి పోయిన చప్పుడు వినబడినది. మూతలోని సన్నని రంధ్రమును గుండుసూదితో శుభ్రపరచి, కొద్ది క్షణములు ఆగి కిక్కు కొట్టగా బండి నడిచినది. ట్యాంకులోనికి గాలి పోవు దారి మూసుకొనిపోయినందున పెట్రోలు క్రిందికి దిగలేదు. తప్పు బండిది కాదు, ఏండ్ల తరబడి ఆ మూతను తుడువని మాది.

ఈ విద్య ఎక్కడ నేర్చితివని దారిలో అడిగితిమి. అతడు తల వంచుకొని, "మా అబ్బాజాన్ మెకానిక్ సార్. అడ్మిషన్ ఫారంలో వ్యాపారం అని రాశాను" అన్నాడు. ఆ మాట మమ్ములను బండి ఆగినదానికంటె ఎక్కువగా ఆపినది. దానిని గూర్చి చివర ముచ్చటింతము.

మొదట బండి సంగతి. కాళ్లు చాచి, నడుము నిటారుగా ఉంచి, దూరప్రయాణము తీరికగా సాగించుటకు అనువైన బరువైన మోటారు సైకిళ్లను క్రూజర్లని వ్యవహరింతురు. మన దేశములో ఆ ప్రయాణపు రుచి చూపినది బుల్లెట్టు. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ సంస్థతో మద్రాసు మోటార్స్ వారు చేతులు కలిపి మన దేశములో దీని తయారీకి పూనుకొనిరి. తిరువొత్తియూరు కర్మాగారము అట్లు వెలసినదే. పాత బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు, మొత్తము 346 ఘన సెంటీమీటర్లు. పిస్టను నడక పొడుగగుటచే తక్కువ వేగమునందును లాగుడు శక్తి అధికము. ఆ నిదానపు చప్పుడునకు మూలము ఇదియే.

ఇంజను నడుచుటకు మూడు వస్తువులు కావలెను: తగిన పాళ్లలో గాలి కలిసిన పెట్రోలు, సరియైన సమయమునకు నిప్పురవ్వ, సిలిండరులో గట్టి ఒత్తిడి. బండి ఆగినచో ఈ మూడింటిలో ఏది లోపించినదని వరుసగా ప్రశ్నించుకొనవలెను. ఒక్కసారే పది మరలు విప్పువాడు ఉన్న లోపమునకు మరి రెండు చేర్చును.

మొదట పెట్రోలు. ట్యాంకులో ఉన్నదా? కుళాయి తెరచి ఉన్నదా? పిదప కార్బురేటరు వద్ద గొట్టము తీసి చూడవలెను. ధార చక్కగా వచ్చినచో దోషము కార్బురేటరు లోపల ఉండవచ్చును. చుక్కలుగా వచ్చినచో మూత రంధ్రము, కుళాయి జల్లెడ చూడవలెను. కార్బురేటరులోని జెట్టును గాలి ఊది శుభ్రము చేయవలెనే గాని తీగతో పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో పెట్రోలు పాళ్లు శాశ్వతముగా చెడును. 2023 నుండి మన దేశములో 20 శాతము ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. ఇథనాల్ తేమను పీల్చుకొనును, పాతకాలపు రబ్బరు గొట్టములను, వాషర్లను మెత్తబరచును. కావున పాత బండి గలవారు గొట్టములను తరచు పరీక్షించుకొనవలెను, ట్యాంకు నింపి నెలల తరబడి నిలువ ఉంచరాదు.

రెండవది నిప్పురవ్వ. ప్లగ్గు విప్పి, దాని టోపీకి తగిలించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి కిక్కు కొట్టవలెను. నీలివన్నె రవ్వ చిటపటమని ఎగిరినచో మంచిది. పసుపుగా నీరసముగా ఉన్నను, అసలే లేకున్నను విద్యుత్ మార్గములో దోషమున్నది. దగ్గర ఒలికిన పెట్రోలు తుడిచి ఆరిన పిదపనే ఈ పరీక్ష చేయవలెను. లేనిచో బండి కాలిపోవును. పాయింట్లు గల పాత బండ్లలో వాటి ఎడము, పూర్తిగా విచ్చుకొన్నప్పుడు, 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. పాయింట్లు నల్లబడినచో సన్నని సాండ్‌పేపరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. ఎంత రుద్దినను త్వరలోనే గుంటలు పడుచు, వాటి మధ్య రవ్వలు అధికముగా ఎగురుచున్నచో కండెన్సరు చెడినదని గ్రహింపవలెను.

ప్లగ్గు కొన రంగు ఇంజను ఆరోగ్యమును చెప్పును. లేత గోధుమ రంగు ఆరోగ్యము. పొడిగా మసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువ. తెల్లగా కాలినట్లున్నచో పెట్రోలు పాలు తక్కువ, ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది. నూనెతో తడిసినచో పిస్టను రింగులో, వాల్వు గైడులో అరిగినవి. పొగ నీలముగా వచ్చుట నూనె కాలుటకు, నల్లగా వచ్చుట పెట్రోలు వృథాకు గురుతు.

మూడవది ఒత్తిడి. కిక్కు రాడ్డును చేతితో మెల్లగా నొక్కినప్పుడు ఒకచోట గట్టిగా ఎదురు తిరుగవలెను. ఎదురు లేనిచో వాల్వులు సరిగా మూసుకొనుట లేదు, లేదా రింగులు అరిగినవి. పాత ఇంజనులో టాపెట్లను చల్లగా ఉన్నప్పుడే సరిచేయవలెను. తోపుడు కడ్డీ వ్రేళ్లతో త్రిప్పిన తిరుగవలెను, పైకి క్రిందికి మాత్రము కదలరాదు.

కిక్కు కొట్టుట బలప్రదర్శన కాదు. తాళము వేసి, కిక్కును మెల్లగా నొక్కుచు అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చువరకు తేవలెను. అచట డీకంప్రెసరు మీట నొక్కి, కిక్కును మరికొంచెము దింపి, మీట వదలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్కమారు కొట్టవలెను. ఈ క్రమము తప్పినచో రాడ్డు వెనుకకు తన్ని కాలి మడమను దెబ్బతీయును.

బండి నడుచునప్పుడు ఇంజను వేగము హెచ్చుచు చక్రము వేగము హెచ్చనిచో క్లచ్చి జారుచున్నది. కేబులుకు కొద్దిపాటి వదులు ఉన్నదా చూచుకొనవలెను. ఉన్నను జారినచో ప్లేట్లు అరిగినట్లు. గేర్లు కరకరమని పడుచు, న్యూట్రలు దొరకనిచో కేబులు మితిమీరి వదులైనది. చైను నడుమ భాగము సుమారు ఒక అంగుళము ఆడవలెను. చైను బిగించినపుడు వెనుక చక్రము జరుగును, కావున వెంటనే వెనుక బ్రేకును సరిచూడవలెను. అది మరచినవారు తొలి మలుపులోనే చింతింతురు.

చాల దినములు నిలిపిన పాత బుల్లెట్టులో నూనె తన అరనుండి క్రింది భాగమునకు దిగిపోవుట కలదు. నూనె తక్కువైనదని తొందరపడి పోయరాదు. ఇంజనును కొన్ని నిమిషములు నడిపి, ఆపి, అప్పుడు కొలతపుల్ల చూడవలెను.

2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిదప తయారైన ఇట్టి బండ్లలో కార్బురేటరు స్థానమున ఇంధన ఇంజక్షను వచ్చినది. వీటిలో పాయింట్లు లేవు. తాళము వేసినపుడు ట్యాంకులోని పంపు సన్నగా ధ్వనించుట, బ్యాటరీ బలము, ఇంజను ఆపు స్విచ్చి, ప్రక్క స్టాండు స్విచ్చి, ఫ్యూజులు చూచుకొనవలెను. హెచ్చరిక దీపము ఆరనిచో పరీక్షా యంత్రమున్న వర్క్‌షాపునకు తీసికొని పోవలెను. పనిముట్లు మారినను ప్రశ్నలు మారలేదు: పెట్రోలు, నిప్పు, ఒత్తిడి.

ఇక ఆ విద్యార్థి మాట. గ్రంథములలో కార్యకారణ సంబంధమని మేము బోధించునది, అతని తండ్రి ప్రతిదినము నూనెచేతులతో ఆచరించుచున్నాడు. చప్పుడు విని రోగము చెప్పుటకు ఎన్ని ఏండ్ల సాధన కావలెనో ఆలోచింపుడు. మన కళాశాలలో ఉస్తాదుల బిడ్డలు మరికొందరు ఉండవచ్చును. తండ్రి వృత్తిని ఫారములో దాచవలెనని వారికి తోచినచో, ఆ పాఠము వారికి నేర్పినది మన చూపులే. దోషము వెదకునపుడు మన తరగతి గదిని విడిచిపెట్టరాదు.

కళాశాల పాలకవర్గమువారికి మా వినతి స్వల్పము. ఒక ఖాళీ గది, ఒక పాత ఇంజను, నెలకు ఒక ఆదివారము, బోధించుటకు ఒక ఉస్తాదు, ఆయనకు తగిన పారితోషికము. అతిథి ఉపన్యాసకునకు వేయు కుర్చీయే ఆయనకును వేయవలెను.

ఆ విద్యార్థి ఆనాడు పదికి అయిదు నిమిషములు ఉండగా పరీక్షా మందిరములో ప్రవేశించినాడు. మేము ట్యాంకు మూతను ఇప్పుడు ప్రతి శుక్రవారము తుడుచుచున్నాము.