తెర మీది రంగస్థలము

కావలి పట్టణమున ట్రంకు రోడ్డు మీద, పెండ్లి శుభలేఖలను, రొయ్యల గుంటల కౌలు పత్రములను, కళాశాల విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలను పొద్దస్తమానము అచ్చుకు సిద్ధము చేయుచుండు ఒక చిన్న డీటీపీ అంగడి కలదు. దాని యజమాని నాకు చిరకాల పరిచితుడు. ఆతని కంప్యూటరు కూడ అంత చిరకాలపుదే. ఏండ్లు గడచినకొలది అది మందగించి, కొత్త విండోసును మోయజాలక, ఒక్క కాగితము తెరచులోగా ప్రక్కనున్న టీ చల్లారిపోవుచుండగా చూచి, నేను చొరవ చేసి ఒక ఆదివారము నాడు దానిలో విండోసు ప్రక్కనే కొంత చోటు చూచుకొని లినక్సు నెక్కించితిని. యంత్రము లేచి కూర్చున్నది. ఎక్కించునప్పుడు భాష యేదని యడుగగా తెలుగని చెప్పియుంటిని గనుక మాటలన్నియు తెలుగుననే వెలసినవి. యజమాని కండ్లజోడు సవరించుకొని, ఎడమ ప్రక్క వరుసలోని ఒక పేరును కూడబలుకుకొని చదివెను: "రంగస్థలం". పిమ్మట నా వైపు తిరిగి, "ఏంది సార్ ఇది, నాటకాలేమన్నా ఆడిస్తుండారా ఇందులో?" అనెను.

డెస్క్‌టాపునకు అనువాదకులు పెట్టిన పేరది. నాకును నవ్వు వచ్చినది గాని, ఆలోచించినకొలది ఆ అనువాదకుడెవరో నాటకమెరిగినవాడే యనిపించినది. మన భాషలో నాటకమునకును, చలనచిత్రమునకును, కంప్యూటరునకును తెర యొక్కటే మాట. పూర్వము మన పల్లెలలో తోలుబొమ్మలాట కట్టువారు తెల్లని పంచెను బిగించి, వెనుక దీపము పెట్టి, ఆ రెంటి నడుమ బొమ్మల నాడించెడివారు. లినక్సు అను పేరు నిజమునకు ఆ పందిరి గుంజలకును, దీపపు చమురునకును చెందినది. అది యంత్రమునకు ప్రాణము పోయునే కాని తాను కంటికి కనబడదు. తెరను బిగించి, బొమ్మకు చోటిచ్చునది ఎక్స్ విండో అను వేరొక వ్యవస్థ. ఏ బొమ్మ ముందు నిలువవలెను, ఏది వెనుకకు జరుగవలెను, పిలిచిన వెంటనే ఎటునుండి రావలెను అనునవి నిర్ణయించు రంగాలంకరణము మూడవది. గ్నోమ్, కేడీఈ అనునవి ఆ కోవలోనివి. "లినక్సు మాకు నచ్చలేదు" అనువారిలో నూటికి తొంబదిమంది ఈ మూడవదానినే చూచి పలుకుదురు.

ఈ రంగస్థలమునకు పూర్వచరిత్ర దీర్ఘమైనది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చిట్టెలుకను చేతబట్టి తెర మీది అక్షరములను కదలించి చూపెను. 1973లో జిరాక్సు వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆల్టో యంత్రము వచ్చెను. 1984 జనవరిలో మాకింటాషు ఆ విద్యను జనసామాన్యమునకు తెచ్చెను. అదే సంవత్సరమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనువారు ఎక్స్ విండోకు శ్రీకారము చుట్టిరి. 1987లో వెలువడిన దాని పదునొకండవ కూర్పు నేటికిని ఆ సంఖ్యను దాటలేదు. అంతకాలము ఒకే బట్ట మీద ఎన్నెన్ని బొమ్మలాడినవో!

1991 ఆగస్టులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క యేండ్లవాడు, తాను సరదాకు ఒక నిర్వాహక వ్యవస్థను వ్రాయుచున్నానని లోకమునకు తెలుపుచు, మినిక్సు అను చిన్న వ్యవస్థను వాడువారిని మీకు దానిలో మిక్కిలిగా ఏమి కావలెనని యడిగెను. లినక్సు పుట్టుకయే వాడుకరుల కోరికల నడుగుటతో ఆరంభమైనదని దీనివలన తేటపడుచున్నది. ఏమి కావలెనని యడిగినవానికి సమాధానములు ముప్పది యేండ్లు దాటినను ఆగకుండ వచ్చుచునే యున్నవి.

తొలి కోరిక పొందికను గూర్చినది. ఆనాటి లినక్సు తెర మీద ఒక్కొక్క ఉపకరణము ఒక్కొక్క వేషముతో, ఒక్కొక్క మర్యాదతో ప్రవర్తించుచుండెను; ఒకదానిలో మూయు మీట కుడి ప్రక్కనున్న, వేరొకదానిలో అసలే యుండెడిది కాదు. జర్మనీలో ట్యూబింగెన్ విద్యార్థి మతియాస్ ఎట్రిచ్ దీనికి విసిగి 1996 అక్టోబరు 14న కేడీఈని ప్రతిపాదించెను. అయితే అది ఆధారపడిన క్యూటీ అను సామగ్రి అప్పటికి పూర్తి స్వేచ్ఛగల లైసెన్సులో లేకుండుటచే, మరుసటి యేడు ఆగస్టులో మెక్సికో యువకులు మిగెల్ దె ఇకాజా, ఫెదెరికో మేనా కలసి గ్నోమునకు పునాది వేసిరి. ఇల్లు ఒక్కటి కావలెనని యడుగగా వీధికి రెండు లేచినవి. ఈ రెండిళ్ళ పోరు వలన లినక్సునకు నష్టమే కలిగినదని కొందరందురు. నాకు మాత్రము అట్లు తోచదు. ఒక యింటివారు గోడ కూల్చినపుడు పారిపోయి తలదాచుకొనుటకు రెండవ యిల్లు ఎంత యుపయోగపడినదో తరువాతి కథ చెప్పును.

2008 జనవరిలో కేడీఈ నాలుగవ కూర్పును పక్వము కాకమునుపే వెలువరించగా, తెరచిన కిటికీలు మూతపడుట, అమరికలు మాయమగుట చూచి వాడుకరులు గగ్గోలెత్తిరి. 2011 ఏప్రిలులో గ్నోమ్ మూడవ కూర్పు మరింత సాహసించి, పదునైదేండ్లుగా వ్రేళ్ళకు అలవాటైన కనిష్ఠ, గరిష్ఠ మీటలను కిటికీ శిరస్సు నుండి తొలగించి, రంగస్థలము మీది గుర్తులను ఊడ్చివైచెను. ఈ కల్లోలములో అందరికన్న చిత్రమైన కాందిశీకుడు లినస్ టోర్వాల్డ్సే. 2005లో గ్నోమును ఎత్తిపొడిచి కేడీఈని వాడుడని చెప్పిన ఆయన, కేడీఈ నాలుగవ కూర్పు దెబ్బకు గ్నోములో తలదాచుకొని, గ్నోమ్ మూడవ కూర్పు రాగానే ఎక్స్‌ఎఫ్‌సీఈ అను మూడవ వసారాలోనికి మకాము మార్చి, కొంతకాలమునకు మరల గ్నోము గడప తొక్కెను. తాను కట్టిన మేడలో తానే గదులు మారుచు తిరిగిన గృహస్థును మనమెక్కడ చూతుము? ఆయనకు లేని ఓర్పు కావలి అంగడివానికి ఉండవలెననుట న్యాయము కాదు.

2011లోనే అర్జెంటీనా వాడుకరి యొకడు పాత గ్నోము మూలమును చేతబట్టి, అది చావకుండ కాపాడి, తన దేశపు కషాయపానీయము పేర మాటే అని పిలిచెను. లినక్సు మింటు వారు తమదానికి దాల్చినచెక్క పేరైన సినమన్ అను నామమునిడిరి. ఏండ్ల తరబడి ఒక దారిన నడచిన చేతిని నిర్మాత వద్దన్నను, ఆ దారినే తిరిగి తెరచుకొను హక్కు లినక్సు వాడుకరికి కలదు. ఇతర యంత్రములవారికి అట్టి సదుపాయము లేదు. అంగడివాని యంత్రములో నేను మాటేనే పెట్టితిని. క్రింది పట్టీలో గడియారము, మూలన మెనూ, నడుమ కిటికీల వరుస. ఆతడు దానిని గూర్చి ఒక్క ప్రశ్న యడుగలేదు. అడుగకపోవుటయే నాకు మెప్పుగా తోచినది.

ఆతని ప్రశ్న వేరు. "సరే సార్, ఇందులో అను వస్తాదా?"

అను యనునది తెలుగునాట అచ్చుపనికై వాడు పాత ఫాంట్ల సామగ్రి. తెలుగునాట డీటీపీ యెరిగినవారికి ఈ ప్రశ్న బరువు తెలియును. యూనికోడు వ్యాపించుటకు పూర్వము తెలుగు ఫాంట్లను చేసినవారు ఇంగ్లీషు అక్షరముల గూళ్ళలో తెలుగు అక్షరపు ముక్కలను, తలకట్లను, గుడులను, వత్తులను కూర్చి పెట్టిరి. కళాకారులు వానితో అద్భుతమైన అచ్చుపని చేసిరి. కాని ఆ ఫాంటును తొలగించి చూచిన, శుభలేఖలోని వరుని పేరు ఇంగ్లీషు అక్షరముల అల్లిబిల్లిగా కనబడును. ఇరువది యేండ్ల శుభలేఖలు, ఆహ్వానములు, కరపత్రములు అంగడివాని పేటికలో ఈ విధముగానే నిద్రించుచున్నవి. మార్పిడి చేయు ఉపకరణములు కలవు గాని, వత్తు మీద వత్తు వచ్చినచోట అవియు తడబడును. అచ్చు పుటలు కూర్చుటకై స్వేచ్ఛాలోకమునందున్న స్క్రైబస్, 2024 ఆరంభమున వెలువడిన 1.6 కూర్పు వరకు, తన స్థిరరూపములో తెలుగు సంయుక్తాక్షరములను సరిగా కూర్చనేలేదు. తెర మెరుపులను గూర్చి వాదులాడుకొనువారు అంగడివాని ఈ యొక్క ప్రశ్నను ముందు విన్న బాగుండెడిది.

విధివిలాసమేమన, లినక్సు తొలి కూర్పు 0.01 వెలువడినది 1991 సెప్టెంబరున. తెలుగునకు నూట ఇరువదియెనిమిది గూళ్ళ స్థానమునిచ్చిన యూనికోడు మొదటి గ్రంథము వెలువడినది అదే యేడు అక్టోబరున. ఇంచుమించు కవలలే. అయినను ఇరువురు ఒకరినొకరు గుర్తుపట్టుటకు పదేండ్లకు పైగా పట్టినది. కారణము మన లిపి నిర్మాణమే. 'స్త్రీ' యని మనము వ్రాయు ఒక్క అక్షరము యంత్రమునకు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. ఈ ఆరింటిని చదివి, తకు వత్తురూపము నిచ్చి, రావత్తును చుట్టి, గుడిదీర్ఘమును సకారపు తల మీద నిలుపు శిల్పి యొకడు తెర వెనుక కావలెను. 2002లో గ్నోమ్ రెండవ కూర్పుతో వచ్చిన పాంగో ఆ పనికి పూనుకొన్నది. పిదప బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ప్రధానముగా నిర్మించిన హార్ఫ్‌బజ్ దానిని అందుకొన్నది. ఆ పారశీక నామము నేడు కోట్లాది తెరల మీద మన వత్తులను దించుచున్నది. ఈ పని సులభమని తలచువారు 2018 ఫిబ్రవరిని స్మరింపవలెను: 'జ్ఞా' యొక్క ఒకానొక కూర్పు కంటబడగానే ఐఫోనులలోని ఉపకరణములు కుప్పకూలినవి.

శిల్పికి రాయి కావలెను గదా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 ఫాంట్లను రూపొందించి స్వేచ్ఛా లైసెన్సుతో లోకమునకిచ్చిరి. రెడ్‌హాట్ వారి లోహిత్ వచ్చినది. సిలికానాంధ్ర వెలువరించినవానిలో మండలి, రామభద్ర, సూరన్న వంటివి ఇపుడు శుభలేఖలకెక్కుచున్నవి. టైపు చేయుటకు ఇన్‌స్క్రిప్టు, ఆపిల్, ఆర్టీఎస్, పోతన అను మీటల వరుసలన్నియు లినక్సునందు దొరకును. ఇక కొరతలు చిన్నవిగా కనబడును గాని రోజునకు వెయ్యిమార్లు తగులునవి. మన అక్షరము పైకి గుడి, క్రిందికి వత్తు సాచును. ఇంగ్లీషు అక్షరపు కొలతతో గీచిన మెనూ వరుసలో 'ష్ట్ర'కు పాదములు తెగిపోవును. వెనుకకు చెరుపు మీటను నొక్కిన 'స్త్రీ' ఆరు దెబ్బలకు గాని చావదు. ముందుకు చెరుపు మీటను నొక్కితిమా, ఒక్క వ్రేటుకే సర్వనాశనము. మొదటిది పొరపాటు దిద్దుకొనుటకు మేలని కొందరందురు, నేనును వారి పక్షమే. అయితే ఎవరికేది కావలెనో ఎన్నుకొను వీలు కల్పించుటకు అడ్డేమి?

తరువాతి కోరిక మాటలను గూర్చినది. హైదరాబాదు కేంద్రముగా 2005లో ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్సును ధ్యేయముగా పెట్టుకొనెను. అనేకులు జీతము లేకుండ రాత్రులు మేల్కొని వేలకొలది వాక్యములను తెనిగించిరి. 2007లో సి-డాక్ చెన్నై వారు వెలువరించిన బాస్ లినక్సునందును తెలుగునకు చోటు లభించినది. ఆ శ్రమకు నమస్కరించుచునే ఒక మాట చెప్పవలెను. దస్త్రము బాగున్నది, తాలూకా కచేరీ నాటినుండి మనవారికి తెలిసినదే. చెత్తబుట్ట ఇంకను బాగున్నది. కాని 'సంకేతపదము' కనబడగానే అంగడివాడు "పాస్‌వర్డా సార్?" యని యడిగి తరువాతనే మీట నొక్కును. ఈ వ్యాసమునందు తత్సమములను ఇంత ధారాళముగా వాడుచున్న నేను ఈ మాట చెప్పుట వింతగా తోపవచ్చును. వ్యాసము తీరికగా చదువబడును, మెనూ తొందరలో. 1990ల ఆరంభమున మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగునపుడు కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు వాచకములోని ఒక కథ చదివి సారా దుకాణము మీదికి కదలిరి. ఆ వాచకము వారు పలుకు మాటలలోనే యున్నది.

ఇటీవల తెరయే మారుచున్నది. పాత ఎక్స్ విండోలో ఒక బొమ్మ వేరొక బొమ్మ చెవిలో చెప్పిన మాటను కూడ వినగలదు. అనగా ఒక ఉపకరణము నీవు వేరొకదానిలో కొట్టు రహస్యాక్షరములను కనిపెట్టగలదు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఆరంభించిన వేలాండ్ బొమ్మ బొమ్మకును నడుమ కావలి పెట్టినది. వేలాండ్ అనునది మసాచుసెట్స్‌లోని ఒక ఊరి పేరు. కావలి యూరివాడనగుటచే నాకు ఆ సంగతి కొంత ఇంపుగా నున్నది. 2016లో ఫెడోరా దానిని ముందునకు తెచ్చెను. కావలివాడు కొత్తవాడైన ఇంటివారినే ఆపును గదా. తెరను దూరమునున్నవారికి చూపు ఉపకరణములును, చూపు లేనివారికి తెరను చదివి వినిపించు ఓర్కా వంటివియు, టైపు చేయించు పద్ధతులును గడపలో నిలిచి అనుమతి కొరకు వేచియుండవలసి వచ్చినది. ఈస్పీక్ గొంతుతో ఓర్కా తెలుగు చదువగలదు; ఆ గొంతు ఇనుప డబ్బాలో గులకరాళ్ళ వలె నున్నదన్నది వేరొక ఫిర్యాదు, న్యాయమైన ఫిర్యాదు.

ఇపుడు అంగడివాని యంత్రములో రెండు వ్యవస్థలును కలవు. శుభలేఖలకు పాతది, తక్కిన వానికి లినక్సు. నెల దాటిన పిమ్మట పోయి చూడగా కౌలు పత్రమొకటి సూరన్న అక్షరములలో తెర మీద నిలిచియున్నది. "అంతా బాగుండాది గానీ సార్, ఆ రంగస్థలం పేరు మార్చేదానికి వీలవుతాదా? వచ్చినోళ్ళందరూ అడుగుతుండారు" అనెను. వీలగునని చెప్పి, అమరికల దస్త్రములో ఆ పేరున్న వరుసను తెరచి, ఏమి పెట్టుదమని యడిగితిని. ఆతడు టీ గ్లాసును ప్రక్కకు జరిపి, కొంతసేపు ఆలోచించి, గ్లాసు పెట్టినచోటనే వ్రేలితో తట్టి, మీటల మీద తానే కొట్టెను: బల్ల. లకారము క్రింద లవత్తు తెగకుండ దిగినది.