పోటీలు లేని నెలల్లో పరుగు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈమధ్య మన ఊళ్ళల్లో కొన్ని ఇళ్ళల్లో కొత్త తగువొకటి బయల్దేరింది. కొడుకో, కూతురో, కోడలో ఏడాది పొడుగునా తెల్లవారుజామునే లేచి ఈతనీ, సైకిలనీ, పరుగనీ తిరుగుతారు. గోవా వెళ్ళి పోటీలో పాల్గొని, మెడలో పతకం వేసుకుని వస్తారు. "హమ్మయ్య, అయిపోయింది" అనుకుంటామా, నెల తిరిగేసరికి మళ్ళీ బూట్లు కట్టుకుంటారు. తీరా చూస్తే ఆ పరుగు నడక కన్నా ఓ పిసరు ఎక్కువ, అంతే! "పోటీ లేదు, వేగమూ లేదు, మరెందుకమ్మా ఈ పరుగు?" అని అడుగుతాం. సబబైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పుకుందాం.

ముందుగా ఆ పోటీ ఏమిటో తెలియాలి. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో విశ్రాంతి లేకుండా చెయ్యడం. ఒలింపిక్స్‌లో అయితే ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్లు సైకిలు, 10 కిలోమీటర్లు పరుగు. 2000లో సిడ్నీలో దీన్ని మొదటిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు ముందు జరిగింది ఆడవాళ్ళ పోటీయే. అన్నిటికన్నా పేరుపడ్డది 'ఐరన్‌మ్యాన్'. 1978లో హవాయి దీవుల్లో 15 మందితో మొదలైంది. మరుసటి ఏడే లిన్ లెమేర్ అనే ఆవిడ మగవాళ్ళ మధ్య దిగి, పోటీ పూర్తి చేసింది. పేరులో 'మ్యాన్' ఉన్నంత మాత్రాన అది మగవాళ్ళ సొత్తు కాదన్నమాట.

2019లో మొదలై, కరోనా రెండేళ్ళూ తప్ప, గోవాలో జరుగుతున్నది అందులో సగం దూరం పోటీ. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మన లెక్కలో చెప్పాలంటే, ముందు ఈత కొట్టి, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సైకిలు మీద వెళ్ళి ఇంచుమించు తిరిగొచ్చి, దిగీ దిగగానే ఏలూరు నుంచి భీమడోలు దాకా పరుగెత్తడం! సైకిలు దిగాక కాళ్ళు మనవి కానట్టుంటాయి, ఇటికరాళ్ళు కట్టినట్టుంటాయి. అందుకే ఈ పోటీల్లో చాలామందికి అసలు పరీక్ష చివరి పరుగులోనే.

ఇక ఋతువుల సంగతి. ఆగస్టులో హైదరాబాదు మారథాన్, అక్టోబరులోనో నవంబరులోనో గోవా. అక్కడితో పెద్ద పోటీలు ముగిసినట్టే. తరవాత రెండు మూడు వారాలు పూర్తిగా విశ్రాంతి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెమ్మది పరుగు. మన ప్రాంతానికి ఇది అదృష్టమే. రోహిణి కార్తెలో రోళ్ళు బద్దలయ్యే ఎండల్లో ఎవరు పరుగెత్తగలరు? ధనుర్మాసపు చలిలో ఒళ్ళు త్వరగా అలిసిపోదు.

ఆ నెమ్మది పరుగు ఏం చేస్తుందో మన కాలవలతో పోల్చి చెబుతాను. వేసవిలో కాలవలు కట్టేస్తారు. "నీళ్ళు లేవు, కాలవ దండగ" అని ఎవరూ అనరు. పూడిక తీసేదీ, గట్లు బాగుచేసేదీ అప్పుడే. ఆ పని జరగకపోతే నీళ్ళు వదిలాక చివరి చేలకి అందవు. శరీరంలోనూ అంతే. నెలల తరబడి తీరిగ్గా పరుగెత్తితే గుండె ఒక్కొక్క కొట్టుకి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కండల్లో సన్నని రక్తనాళాలు, చేలోకి పిల్ల కాలవలు తవ్వినట్టు, కొత్తగా పుడతాయి. కండ లోపల శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. అందుకే రేపు వేగం పెంచినప్పుడు ఆయాసం ఆలస్యంగా వస్తుంది.

ఇది కొత్త మాట కాదు. న్యూజిలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు తన శిష్యుల చేత ముందు నెలల తరబడి దూరాలు పరుగెత్తించి, ఆ తరవాతే వేగం నేర్పేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోనూ, ముర్రే హాల్బర్గ్ 5,000 మీటర్లలోనూ బంగారు పతకాలు గెలిచారు. 800 మీటర్లు రెండు నిమిషాల లోపు పరుగు. దానిక్కూడా పునాది దూరపు పరుగే!

నెమ్మది అంటే ఎంత నెమ్మది? పక్కనున్న మనిషితో ఇవాళ కూరేమిటో, పచ్చడేమిటో వాక్యాలకు వాక్యాలు చెప్పగలిగితే అది సరైన వేగం. రెండు మాటలకే రొప్పు వస్తే తగ్గించాలి. వారానికి మూడు నాలుగు రోజులు, మొదట్లో 20, 30 నిమిషాలు చాలు. అందులో ఒకరోజు కాస్త ఎక్కువ దూరం. ఏ వారమూ కిందటి వారం మీద పదో వంతుకు మించి పెంచకుండా ఉంటే మంచిది. ప్రతి నాలుగో వారం తగ్గించాలి. వారానికి రెండు రోజులు గుంజిళ్ళు, మునివేళ్ళ మీద లేవడం లాంటివి చేస్తే పిక్కలకీ మోకాళ్ళకీ బలం. ఈత, సైకిలు పూర్తిగా మానక్కర్లేదు, చెయ్యి మరచిపోకుండా చేస్తే చాలు.

ఈ జాగ్రత్త దేనికంటే, గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే తేరుకుంటాయి గానీ ఎముకలకీ స్నాయువులకీ నెలలు పడుతుంది. మా బంధువులమ్మాయి ఒకర్తె గోవా నుంచి వచ్చిన ఉత్సాహంలో జనవరిలోనే రోజూ పది కిలోమీటర్లు జోరుగా పరుగెత్తింది. ముంగాలి ఎముక నొప్పి పెడుతుంటే నూనె రాసుకుని మరీ వెళ్ళింది. చివరికి ఎముకలో సన్నని పగులని తేలింది. మూడు నెలలు పరుగు లేదు, ఆ ఏడు పోటీ కూడా లేదు. ఎముక మీద ఒకేచోట వేలుపెట్టి చూపగలిగే నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టరుకి చూపించాలి.

ఎక్కడ పరుగెత్తాలి? తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన రన్‌వే ఉంది. ఏలూరులో స్టేడియం ఉంది. కొల్లేటి వైపు రోడ్ల మీద ఈ చలికాలంలో పక్షులు కూడా తోడుంటాయి. ఆటపాక గూడబాతుల్ని చూడ్డానికి జనం వచ్చేదీ ఈ రోజుల్లోనే. కానీ రోడ్డుకి కుడిపక్కన, ఎదురొచ్చే బండి కనిపించేలా పరుగెత్తమనండి. మంచు కురిసే వేళ హైవే మీదికి అసలు పంపకండి. ఈత మాత్రం కొల్లేట్లో వద్దు. అది 1999 నుంచి అభయారణ్యం, పైగా పట్నాల మురుగూ, చేపల చెరువుల నీళ్ళూ అందులోకే చేరతాయి. అలాంటి నీళ్ళలో ఎలుక జ్వరం భయం ఉంది. కాలవల్లో లాకుల దగ్గర వడి ఎక్కువ. ఈత నేర్చుకోవాల్సింది కొలనులో, నేర్పేవాళ్ళ ఎదుట.

ఇప్పుడు మన వంటింటి మాట. ఈ నెలల్లో శరీరం గట్టిపడేది పరుగెత్తుతున్నప్పుడు కాదు, తరవాత తిని నిద్రపోయినప్పుడు. పరుగు నుంచి రాగానే, గంటలోపు, పెసరట్టో, గుడ్డో, ఇడ్లీ పప్పో కడుపునిండా పెట్టాలి. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, తినేవాళ్ళకి చేప. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని తేలింది. అది ఉంటే ఎంత సాధన చేసినా ఆయాసమే. కాబట్టి ముందు రక్తపరీక్ష. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ వద్దు, భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయో ఉసిరికాయో తోడైతే బాగా పడుతుంది. ఎండాకాలం వచ్చాక ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. గంటల తరబడి శ్రమపడుతూ ఉత్త నీళ్ళే అతిగా తాగితే ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక్క ముఖ్యమైన మాట. పరుగెత్తే ఆడపిల్లకి నెలసరి ఆగిపోతే "పోన్లే, బాధ తప్పింది" అనుకోకూడదు. చేసే శ్రమకి తిండి చాలడం లేదని శరీరం చెప్పే కబురు అది. అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి.

ఇక నిద్ర. కొడుకు పరుగెత్తి వస్తే కాఫీ అందించి "కాసేపు పడుకో నాయనా" అంటాం. కోడలు పరుగెత్తి వస్తే పొయ్యి దగ్గరికి పంపుతాం. నాలుగున్నరకి లేచి, వంటచేసి, క్యారేజీలు కట్టి, ఆఫీసుకి వెళ్ళి, రాత్రి పదకొండుకి అంట్లు సర్దే పిల్లకి ఏ శిక్షణా ఒంటికి పట్టదు. పడ్డా దెబ్బై పడుతుంది. ఇద్దరికీ పరుగు ఒక్కటే, ఎముకలూ ఒక్కటే. మరి విశ్రాంతి రెండు రకాలుగా ఎందుకుండాలి? వారంలో మూడు పొద్దుళ్ళు ఇంట్లో ఇంకొకరు పొయ్యి వెలిగిస్తే, ఏ శిక్షకుడూ ఇవ్వలేని సాయం చేసినట్టు.

మనకి వయసైపోయిందనుకునేవాళ్ళకి ఒక్క పేరు చెబుతాను. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021లో శ్రీలంక నుంచి మన ఒడ్డుకి పాక్ జలసంధిని ఈదారు. 2025 జనవరి మొదట్లో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా సముద్రంలో ఈత ముగించారు. మనమంత దూరం పోనక్కర్లేదు. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుతో ఒక మాట చెప్పి, పది నిమిషాల నడక, మధ్యలో ఒక్క నిమిషం పరుగు, అలా మొదలుపెట్టొచ్చు. ఇంట్లో పరుగెత్తే పిల్ల ఉంటే ఆ పిల్లతోనే వెళ్ళండి. ఈ నెలల్లో వాళ్ళ పరుగు నెమ్మదే కదా, మాట్లాడుకుంటూ పోవచ్చు.