గురి: లేడివేటకు విలుకాని అభ్యాసము

గురి యనునది కన్ను, చేయి, ఊపిరి మూడును కూడి నేర్చు విద్య. మన కావ్యములలో వీరులు నారిని ఆకర్ణాంతము లాగుదురు. దీనియందొక సూక్ష్మము కలదు. చెవియో, చెక్కిలియో, నారిని ప్రతిమారును ఒక్క తావునకే తెచ్చినగాని అమ్మునకు సమానమైన వేగము కలుగదు. వేగము మారినచో అమ్ము పైకో క్రిందికో తప్పును.

రెండవది లక్ష్యమును కుదించుట. లేడినంతటిని చూచి వేసిన యమ్ము ఎచ్చటనో తగులును. ద్రోణుని పరీక్షలో అర్జునుడు పక్షి శిరస్సునే చూచినట్లు, వేటకాడు ముందుకాలి వెనుకనున్న ఱొమ్మునే చూడవలెను. గుండె, ఊపిరితిత్తులు అచ్చటనే యున్నవి. అమ్ము కోసి, నెత్తురు కార్చి చంపును. గురి తప్పినచో మృగము చిరకాలము బాధపడును. అందువలననే అమెరికాలో నేటికిని అనుమతి పొంది విల్లుతో లేళ్ళను వేటాడువారు ముందుగా బొమ్మలేడిపై, వేర్వేరు దూరములనుండియు మంచెపైనుండియు వేసి సాధన చేయుదురు.

తుదిది నిగ్రహము. దశరథుడు సరయూతీరమున ఏనుగని తలచి, శబ్దమునుబట్టి వేసిన బాణము మునికుమారుని కూల్చెను. చేయి యెంత కుదిరినను, కన్ను చూడనిదానిపై అమ్ము విడువరాదు.

ఒడిశాలోని మల్కన్‌గిరి కోయలకు బిజపండుమునాడు విల్లమ్ములతో వేటకేగు ఆచారము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున లేడివేట నిషిద్ధమైనది. వేట పోయినను విద్య నిలువవచ్చును. నారి, ములికి, పొది యను మాటలు మా బడిపిల్లలకు నిఘంటువునందే మిగులరాదు. మైదానమున, గడ్డిబొమ్మ యెదుట, వారి చేతులకును తెలియవలెను.